గడప దాటాలంటే ఏ ముక్క పోయిందో తెలియాలి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండల్లోనే ఒకరోజు పొద్దున మా పెదనాన్న కాలవ గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పటికి మూడు నెలల కిందట ఆయనకు పెద్దపేగు చివర, రెక్టమ్‌లో ఉన్న క్యాన్సర్ గడ్డ తీసేశారు. లోపల వేసిన అతుకు మానేదాకా మలం అటు వెళ్ళకూడదని, పొట్టకు కుడివైపు చిన్నపేగును బయటికి తీసి మోషన్ బ్యాగు పెట్టారు. కుట్లు ఆరాయి. ఆకలి పుట్టింది. నలభై ఏళ్ళుగా నడిచిన గట్టు మీదకు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టారు. డిశ్చార్జి కాగితంలో రాసినవి మూడే మాటలు: నీళ్ళు బాగా తాగాలి, నడవాలి, బరువులు ఎత్తకూడదు. ఆయన మూడూ తు.చ. తప్పకుండా పాటించారు.

"రోజుకు నాలుగు లీటర్లు తాగుతున్నానురా. పైగా రెండు కొబ్బరి బోండాలు" అన్నారు, చేతికి సెలైన్ ఎక్కుతుండగా. రక్తపరీక్ష మాత్రం వేరే చెప్పింది. ఒంట్లో నీరు తగ్గింది, సోడియం తగ్గింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. అన్ని నీళ్ళు తాగిన మనిషికి నీరు తగ్గడమేమిటి?

దానికి జవాబు వెతుక్కుంటూ పోతేనే నాకు ఇంకో సంగతి అర్థమైంది. పేగు ఆపరేషన్ అయినవాళ్ళకు బయట తిరగడం గురించి మనం చెప్పే సలహాలన్నీ అందరినీ ఒకే గాటన కట్టి చెప్పేవే. పేగు ఆపరేషన్ అంటే ఒక్క ఆపరేషన్ కాదు. ఎంత దూరం నడవొచ్చు, ఈత కొట్టొచ్చా, కొండ ఎక్కొచ్చా అని అందరూ అడుగుతారు. వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఏ ముక్క తీసేశారు, ఏ ముక్క మిగిలింది?

లెక్క ఇలా ఉంటుంది. చిన్నపేగు దాదాపు 6 మీటర్లు, పెద్దపేగు మీటరున్నర. మనం రోజూ తిని తాగేదాంట్లో ఉండే నీరు సుమారు 2 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు స్వయంగా ఊరించే రసం కలిసి ఇంకో 7 లీటర్లు. అంటే రోజూ 9 లీటర్ల నీరు చిన్నపేగులోకి దిగుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని చిన్నపేగే ఒంట్లోకి లాగేసుకుంటుంది. మిగిలిన లీటరో లీటరున్నరో పెద్దపేగుకు చేరుతుంది. చివరికి మలంలో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. పెద్దపేగు శివారు రైతు లాంటిది. కాలవ చివర కూర్చుని, తన దాకా వచ్చిన ప్రతి చుక్కనూ, దానితోపాటు వచ్చిన ఉప్పునూ పట్టి ఉంచుతుంది. ఇలియోస్టమీ అంటే, పెదనాన్నకు చేసింది అదే, చిన్నపేగు చివరి భాగాన్ని బయటికి తీస్తారు కాబట్టి ఆ శివారు రైతుకు నీరే చేరదు. నీరూ ఉప్పూ రెండూ సంచిలోకి పోతాయి. కుదురుకున్నాక ఇలియోస్టమీలో రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. లీటరున్నర దాటితే డాక్టర్లు దాన్ని అతిగా పోతున్నట్టు లెక్కేస్తారు. అలా పోయే ప్రతి లీటరులో సుమారు 100 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. వంటింటి భాషలో చెప్పాలంటే లీటరుకు ఒక టీస్పూను ఉప్పు. దానికి గట్టు మీద పట్టే చెమట అదనం.

ఇక ఆ నాలుగు లీటర్ల సంగతి. చిన్నపేగు నీటిని విడిగా లాగలేదు. సోడియం, గ్లూకోజ్ రెండూ జంటగా పేగు గోడ దాటుతాయి, వాటి వెనకే నీరు వెళుతుంది. వట్టి మంచినీళ్ళు ఎక్కువగా తాగితే పేగు పైభాగంలో తిరగబడుతుంది వ్యవహారం. లోపలి ద్రవంలో ఉప్పు మరీ పలచబడేసరికి ఒంట్లోని సోడియమే పేగులోకి ఊరి, నీళ్ళతోపాటు సంచిలోకి దిగిపోతుంది. సంచి త్వరగా నిండుతుంది, మనిషి ఇంకా దాహం వేసి ఇంకా తాగుతాడు. బయటికి పోయేది అతిగా ఉన్నవాళ్ళకు డాక్టర్లు వట్టి నీళ్ళను తగ్గించమనేది అందుకే. ఉన్నపళంగా వినడానికి విడ్డూరంగా ఉంటుంది. దాహమేస్తుంటే నీళ్ళు తగ్గించమంటారేమిటని పెద్దమ్మ డాక్టరుతో పోట్లాడినంత పని చేసింది.

కొబ్బరినీళ్ళను తప్పుపడితే కోనసీమలో బతకనివ్వరు. కానీ నిజం ఇది: కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఇలియోస్టమీ ఉన్నవాడు పోగొట్టుకునేది ముఖ్యంగా సోడియం. బోండాం తాగొద్దని కాదు, అది ఓఆర్ఎస్‌కు బదులు కాదు. చెరకు రసం, కూల్‌డ్రింకులు, పంచదార దండిగా వేసిన షర్బత్‌లు ఇంకో రకంగా దెబ్బ తీస్తాయి. పంచదార మరీ చిక్కగా ఉంటే అది ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది.

పనికొచ్చేది మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఫార్ములా ప్రకారం లీటరులో 75 మిల్లీమోల్స్ సోడియం, అంతే గ్లూకోజ్ ఉంటాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోతే ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడింది ఈ జంట ప్రయాణాన్ని నమ్ముకునే. సోడియం మరీ ఎక్కువగా పోయేవాళ్ళకు లీటరు నీళ్ళలో 20 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి ఇచ్చే మిశ్రమం ఒకటుంది, అది డాక్టరు చెబితేనే. షాపులో దొరికే పళ్ళరసం డబ్బాల్లాంటివాటిని కూడా ఓఆర్ఎస్ అనుకోవద్దు. వెనక అచ్చువేసిన సోడియం చూసి కొనాలి. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు వేసిన గంజి కూడా మంచివే. అమ్మమ్మలు కూలికి వెళ్ళేముందు తాగిన గంజిలో ఉన్నది ఇదే సూత్రం, పిండిపదార్థమూ ఉప్పూ కలిసి.

ఇక్కడ ఒక చిక్కుంది. మన ఇళ్ళల్లో అరవై దాటిన చాలామందికి బీపీ ఉంటుంది, ఉప్పు మానేయమని ఎప్పుడో చెప్పి ఉంటారు. పెదనాన్న ఆరేళ్ళుగా చప్పిడి కూర తింటున్నారు. పైగా బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర ఒకటి వాడుతున్నారు. ఇలియోస్టమీ పెట్టాక ఆ రెండూ మార్చాలా అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరూ, బీపీ చూసే డాక్టరూ వేరు వేరు ఊళ్ళలో ఉంటే రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఇంట్లోవాళ్ళదే అవుతుంది. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉప్పు పెంచుకోవడం సొంత నిర్ణయంగా చేయకూడదు కూడా.

బయటికి వెళ్ళేవాళ్ళు మొదట చూసుకోవాల్సిన గుర్తు మూత్రం రంగు. లేత పసుపు ఉంటే పర్వాలేదు. చిక్కగా, కొంచెంగా వస్తుంటే, పిక్కలు పట్టేస్తుంటే, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతుంటే నడక ఆపి నీడకు వెళ్ళి ఓఆర్ఎస్ తాగాలి. తగ్గకపోతే ఆస్పత్రికి.

ఇదంతా ఇలియోస్టమీ కథ. పెద్దపేగు చివరి భాగాన్ని ఎడమవైపు బయటికి తీసిన కొలోస్టమీ వాళ్ళకు ఈ ఉప్పు గొడవ పెద్దగా ఉండదు. శివారు రైతు తన చోట తానున్నాడు. వచ్చే మలం దాదాపు మామూలుగానే గట్టిగా ఉంటుంది. వాళ్ళలో కొందరికి ఇరిగేషన్ అనే పద్ధతి నేర్పుతారు. రోజుకో, రెండు రోజులకో ఒకసారి స్టోమాలోంచి, అంటే పొట్ట మీద పేగు బయటికి తెరుచుకున్న చోటు నుంచి, గోరువెచ్చని నీళ్ళు పంపి పేగును ఖాళీ చేసుకుంటే, ఆ తర్వాత గంటల తరబడి ఏమీ రాదు. చిన్న ప్యాడ్ లాంటిది అంటించుకుని పెళ్ళికీ ఈతకూ వెళ్ళొచ్చు. అందరికీ నప్పదు, నర్సు దగ్గర నేర్చుకోవాలి. కానీ తిరగడం ఇష్టమున్న కొలోస్టమీ మనిషికి ఇంతకుమించిన స్వేచ్ఛ ఇంకోటి లేదనిపిస్తుంది నాకు. మన దగ్గర దీని పేరు కూడా చెప్పకుండా పంపించేస్తుంటారు.

సంచి లేకుండా పేగు ముక్క తీసి మళ్ళీ కలిపినవాళ్ళ కథ ఇంకోటి. పేగు టీబీ మన దేశంలో ఎక్కువగా వచ్చే చోటు చిన్నపేగు, పెద్దపేగు కలిసే మలుపు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడేదీ, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు ఎక్కువగా కనిపించేదీ ఆ చుట్టుపక్కలే. అక్కడ తీసేసేది చిన్నపేగు ఆఖరి భాగం. బీ12 విటమిన్‌ను, పైత్య లవణాలను ఒంట్లోకి తిరిగి తీసుకునేది ఆ భాగమే. పైత్య లవణాలు పెద్దపేగులోకి జారితే అక్కడ మంట పుట్టించి నీళ్ళ విరేచనాలు తెస్తాయి, ముఖ్యంగా నూనె తిండి తిన్నాక. పిక్నిక్‌లో బిర్యానీ తిన్న గంటకే పరుగెత్తాల్సి వస్తే అది టెన్షన్ అనుకుని ఊరుకుంటారు చాలామంది. దానికి మందు ఉంది. బీ12 లోటు అయితే ఇంకా మోసకారి. కాలేయంలో నిల్వ ఏళ్ళపాటు సరిపోతుంది కాబట్టి ఆపరేషనయిన మూడు నాలుగేళ్ళకు ఆయాసం, అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలవుతాయి. అప్పటికి ఆపరేషన్ సంగతే మర్చిపోయి ఉంటారు. "ఈమధ్య నడవలేకపోతున్నాను, వయసు మీదపడింది" అనేవాళ్ళలో బీ12 సూదిమందుతో లేచి తిరిగేవాళ్ళు ఉంటారు.

సంచి గురించి కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. అది పుట్టిందే గడప దాటడం కోసం. 1954లో డెన్మార్క్‌లో ఎలిసె సోరెన్సెన్ అనే నర్సు చెల్లెలు థోరాకు పేగు ఆపరేషన్ అయింది. లీకవుతుందేమోనన్న భయంతో ఆమె నలుగురిలోకి వెళ్ళడం మానేసింది. అది చూడలేక అక్క, చర్మానికి అంటుకునే, వాడి పారేసే ప్లాస్టిక్ సంచిని ఊహించింది. ఇప్పుడు కోలోప్లాస్ట్ పేరుతో ఉన్న కంపెనీ 1957లో మొదలైంది ఆ ఆలోచనతోనే.

సంచి సరే, చర్మం సంగతో? చిన్నపేగు రసం తగిలితే చర్మం పుండవుతుంది. అక్కడ కథ మన అడవుల్లోకి వస్తుంది. 1950ల మొదట్లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్, కట్టుడు పళ్ళు అంటుకోవడానికి వాడే కరాయా బంక పొడి తడిస్తే జెల్‌లా ఉబ్బి చర్మాన్ని కాపాడుతుందని కనిపెట్టారు. కరాయా అంటే మన తపసి బంక. నల్లమలలో చెంచులు, విశాఖ మన్యంలో గిరిజనులు తపసి చెట్టుకు గాటు పెట్టి తెచ్చి గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కి అమ్మే బంక అదే, ప్రపంచానికి అది ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. ఇప్పటి సంచుల అంటులో వేరే పదార్థాలు వచ్చాయి గానీ, స్టోమా ఉన్నవాళ్ళు తొలిసారి పుండ్లు లేకుండా తిరగగలిగింది తపసి బంక పుణ్యాన. నల్లమలకు ట్రెక్కింగ్‌కు వెళ్ళే స్టోమా మనిషి ఎవరైనా ఉంటే ఆ చెట్టు దగ్గర ఒక నిమిషం ఆగొచ్చు.

అంటుకు మన ఎండంటే గిట్టదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో అది మెత్తబడి, చెమటకు అంచులు లేస్తాయి. చలికాలంలో నాలుగు రోజులు నిలిచేది వేసవిలో రెండు రోజులకే మార్చాల్సి రావొచ్చు. స్పేర్ సంచులను ఎండలో ఆపిన కారులో వదిలేస్తే అంటు పాడవుతుంది. చుట్టూ చర్మానికి కొబ్బరినూనె, పౌడరు రాసుకునే అలవాటుంటే అది పట్టుకోనే పట్టుకోదు. సంచి కింద చెమటకాయలు వస్తే మధ్యలో పల్చటి నూలు గుడ్డ కవరు తొడిగితే చాలావరకు తగ్గుతాయి. అసలు సమస్య ఖరీదు. ఒక్కో సెట్టు వందల రూపాయలు. అందుకని ఇంకో రోజు, ఇంకో రోజు అని సాగదీస్తారు. సాగదీసినది బజారులో లీకవుతుంది. ఒక్కసారి లీకైతే ఆ మనిషి ఆర్నెల్లు బయటికి రాడు. దూరం వెళ్ళే రోజుకు ముందు రోజు సాయంత్రం కొత్తది వేసుకోవడం, మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకోవడం: పొదుపు ఇంట్లో ఉన్న రోజున చేసుకోవచ్చు, ప్రయాణం రోజున వద్దు.

స్టోమా ఎక్కడ పెట్టారన్నదాని మీద కూడా చాలా ఆధారపడుతుంది. ఆపరేషన్‌కు ముందే మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి, పొట్ట మడతలు చూసి పెన్నుతో గుర్తు పెట్టాలి. చీర కట్టేవాళ్ళ లంగా బొందు ఎక్కడ పడుతుంది, పంచె ముడి ఎక్కడ వస్తుంది, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మడత ఎక్కడ పడుతుంది, నమాజులో వంగితే ఏమవుతుంది, నాట్లు వేసే మనిషా, కుర్చీలో కూర్చునే మనిషా అన్నది అప్పుడే చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. బొందు స్టోమా మీద పడితే రోజంతా నొక్కుతూ ఉంటుంది. ఇంకో సంగతి: స్టోమాకు నొప్పి తెలియదు. గిల్లినా, కోసుకున్నా తెలియని కండ అది. బ్యాగ్‌ప్యాక్ నడుం పట్టీ, కారు సీటు బెల్టు ఒరుసుకుంటూ రక్తం వస్తున్నా చూస్తే తప్ప తెలియదు. ఎర్రగా తడిగా ఉండాల్సింది నల్లబడితే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

నడక మాట. మా ఇళ్ళల్లో ఆపరేషన్ అయినవాళ్ళను బాలింతలా చూస్తారు, మంచం దిగనివ్వరు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో ఈ పద్ధతిని తలకిందులు చేశారు. ఆపరేషన్ అయిన రోజో మర్నాడో లేపి నడిపిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తగ్గుతాయి, త్వరగా ఇంటికి వెళ్ళొచ్చు. కాబట్టి నడకకు ఆగనక్కర్లేదు. ఆగాల్సింది బరువులకు. పైన చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది, చూడ్డానికి అంతా మానినట్టే ఉంటుంది. కింద పొట్టగోడలోని గట్టి పొర ఆరు వారాలకు కూడా పాత బలంలో సగం దగ్గరే ఉంటుంది, ఎప్పటికీ పూర్తిగా మునుపటిలా కాదు. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దనేది అందుకు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. గ్యాస్ సిలిండర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బండికి కిక్ కొట్టడం, గుంతల రోడ్డు మీద వెనక సీట్లో ఒకవైపుకు కూర్చుని వెళ్ళడం కూడా పొట్టగోడకు బరువే.

స్టోమా ఉన్నవాళ్ళకు ఆ పక్కనే హెర్నియా వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాదిలో 30 శాతానికి పైగా, ఏళ్ళు గడిచేకొద్దీ సగం మందిలో కనిపిస్తుందని హెర్నియా నిపుణుల అంచనా. పొట్టకు రంధ్రం పెట్టి పేగు బయటికి తీశాక ఆ చుట్టూ గోడ బలహీనంగా ఉండటం సహజమే. ఆ భయంతో కదలకుండా కూర్చుంటే కండ ఇంకా కరిగిపోతుంది. మెల్లగా, ఊపిరి బిగబట్టకుండా, వదులుతూ వంగడం లేవడం నేర్చుకోవాలి. దగ్గేటప్పుడు స్టోమా మీద అరచెయ్యి అదిమిపెట్టుకోవాలి. బరువు పని చేసేవాళ్ళు కొలత తీసి కుట్టించిన బెల్టు వాడాలి.

తిరుమల మెట్ల గురించి అడగని తెలుగువాళ్ళు ఉండరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మెట్లెక్కడం పొట్టగోడకు అంత ప్రమాదం కాదు, చేతిలో బరువు లేకపోతే. ప్రమాదం చెమటలో ఉంది. గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉంటుంది, ఇలియోస్టమీ మనిషి అక్కడికి చేరేదాకా మధ్యమధ్య ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. తెల్లవారుజామున మొదలుపెట్టడం, సామాను కింద అప్పగించేయడం, మోకాళ్ళ పర్వతం దగ్గర మొండికెయ్యకుండా ఆగిపోగలగడం. ఆపరేషనయిన తొలి మూడు నెలల్లో అయితే బస్సే నయం, దేవుడేమీ అనుకోడు.

కీమో నడుస్తుంటే లెక్కలు మారతాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ వల్ల చల్లటిది తాకితే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటిది మింగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ఇంజెక్షన్ అయిన వారంలో లంబసింగి మంచు చూడ్డానికి వెళ్ళడం తెలివైన పని కాదు. క్యాపెసిటబిన్ మాత్రలకు అరికాళ్ళు ఎర్రబడి పొక్కుతాయి. అప్పుడు నడక తగ్గించి, మెత్తటి చెప్పులతో నీడలో తిరగాలి.

నీళ్ళలో దిగడం గురించి భయాలు ఎక్కువ, నిజమైన ప్రమాదాలు తక్కువ. స్టోమాలోంచి నీళ్ళు లోపలికి వెళ్ళిపోవు. గాయం పూర్తిగా ఆరాక, అంటే సాధారణంగా ఆరు వారాల తర్వాత, డాక్టరు చూసి సరేనంటే ఈత కొట్టొచ్చు. కొత్త సంచి అంటించిన వెంటనే దిగొద్దు, గంటో రెండు గంటలో ఆగాలి. దిగేముందు ఖాళీ చేసుకోవాలి. గాలి పోయేందుకు సంచికి బొగ్గు ఫిల్టరు ఉంటే తడవకుండా దాని మీద స్టిక్కరు వేయాలి, చాలా డబ్బాల్లో అవి వస్తాయి కూడా. బయటికి వచ్చాక అంచులు తుడిచి చూసుకోవాలి. గంటల తరబడి నానితే అంటు ఉబ్బి ఊడుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. సంచితో పుష్కర స్నానం చెయ్యొచ్చా, గుడిలోకి వెళ్ళొచ్చా అని అడుగుతారు, గొంతు తగ్గించి అడుగుతారు. మైల అని ఎవరైనా అంటారేమోనన్న భయం. ప్రతి మనిషి పొట్టలో ఉన్నదే వీళ్ళకు మూత వేసిన సంచిలో ఉంది, తేడా అంతే. నాకైతే ఇందులో ఆలోచించాల్సిందేమీ కనిపించదు. ఆలోచించాల్సింది జనం తోపులాట గురించి, గంటల క్యూ గురించి, ఘాట్ దగ్గర మరుగుదొడ్డి ఎక్కడుందన్నదాని గురించి.

మరుగుదొడ్డి. మనవాళ్ళను ఇంట్లో కట్టిపడేసేది పేగు కంటే ఎక్కువగా ఇదే. మన రోడ్డు పక్క దొడ్లు ఎక్కువగా నేలకు ఉండేవి. కుట్లున్న పొట్టతో గొంతుక్కూర్చుని సంచి ఖాళీ చేయడం కష్టం. ముందుకు వంగి నిలబడి చేస్తే చిమ్ముతుంది, కాబట్టి ముందు కొన్ని నీళ్ళు పోసి, కాగితం ఒకటి వేసి, సంచి కొస దగ్గరగా పెట్టి వదలాలి. నీళ్ళ సీసా, సబ్బు, పాత న్యూస్‌పేపరు, నల్ల కవర్లు, ఒక జత బట్టలు ఎప్పుడూ వెంట ఉండాలి. తీసేసిన సంచి దొడ్డిలో వేయకూడదు, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. పెట్రోలు బంకులు, పెద్ద హోటళ్ళు ఏ దారిలో ఎంత దూరానికి ఉన్నాయో తెలిసిన డ్రైవరు దొరికితే వదులుకోవద్దు. ఆడవాళ్ళకు ఈ బాధ రెట్టింపు. దారిలో దొడ్డి ఉండదని తిండీ నీళ్ళూ మానేసి ప్రయాణం చేసేది వాళ్ళే, ఇలియోస్టమీ ఉంటే అదే కిడ్నీల మీదకు తెస్తుంది.

దారిలో తిండి గురించి ఒక్కమాట. స్టోమా పెట్టిన తొలి రెండు నెలలూ లోపల వాపు ఉంటుంది, దారి ఇరుకు. బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు, పచ్చి కొబ్బరి, పుట్టగొడుగులు, ఎండుఫలాలు అరక్కుండా ముద్దకట్టి అడ్డుపడగలవు. గోదావరి జిల్లాలవాళ్ళు తేగలను కూడా ఈ జాబితాలో రాసుకోవాలి, అంతా నారే. తర్వాత ఒక్కొక్కటీ కొంచెం కొంచెం, నమిలి నమిలి తిని చూసుకోవాలి. సంచిలోకి గంటలుగా ఏమీ రాకుండా, పొట్ట మెలిపెట్టి, వాంతులవుతుంటే అది అడ్డుపడినట్టే. సోడా తాగి చూద్దాం అనుకునే సమయం కాదు.

ఆటల్లో కబడ్డీ లాంటి పొట్టకు దెబ్బ తగిలే వాటిని పక్కన పెడితే చాలు. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి తన్నే ఆటగాడు (కిక్కర్) రోల్ఫ్ బెనిర్ష్‌కె 1979లో ఆపరేషన్లయ్యాక రెండు సంచులతో తిరిగొచ్చి శాన్ డియేగో జట్టుకు ఏళ్ళపాటు ఆడాడు. కెనడాకు చెందిన రాబ్ హిల్ ఇలియోస్టమీతో 2010లో ఎవరెస్టు ఎక్కాడు. ఎత్తుకు వెళితే గాలి వ్యాకోచించి సంచి ఉబ్బుతుంది, విమానంలోనూ అంతే. వదిలేస్తే సరిపోతుంది, పేలదు. అరకు ఎత్తుకైతే అదీ తెలియదు.

పెదనాన్నకు ఓఆర్ఎస్ అలవాటైంది. బీపీ మాత్ర మార్చారు. శ్రావణం వచ్చేసరికి మళ్ళీ గట్టు మీద ఉన్నారు, భుజాన గుడ్డ సంచీ, అందులో ఒక సీసా, దానిపక్కన ఇంకో సంచి. ఏడాది తిరక్కుండా స్టోమా మూసేశారు. ఇంటిల్లిపాదీ పీడ విరగడైందనుకున్నాం. ఎవరూ చెప్పనిది అప్పుడు మొదలైంది. మలాన్ని కాసేపు నిలిపి ఉంచే రెక్టమ్ ఆయనకు ఇప్పుడు లేదు కదా. వస్తే ఆగదు, అయిందనుకుంటే మళ్ళీ వస్తుంది. పొద్దున్నే అయిదారుసార్లు. సంచి ఉన్నప్పుడు హాయిగా తిరిగిన మనిషి, సంచి పోయాక మూడు నెలలు వీధి గుమ్మం దాటలేదు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఇది చాలామందికి ఉండేదేననీ, ఏడాది రెండేళ్ళలో చాలావరకు కుదుటపడుతుందనీ, మలద్వారం చుట్టూ ఉండే అడుగు కండరాలకు వ్యాయామాలూ, విరేచనాలు తగ్గించే మాత్రలూ ఉన్నాయనీ తెలుసుకునేసరికి ఆయన తన మందు తానే కనిపెట్టారు. వేడి కాఫీ కడుపులో పడగానే పేగు కదలడం అందరికీ ఉన్నదే. ఆయన దాన్ని అలారంలా వాడుకుంటున్నారు. అయిదింటికే కాఫీ తాగేసి, ఇంట్లోనే కాచుక్కూర్చుంటారు.

గట్టు మీదకు ఇప్పుడు తొమ్మిదింటికి వెళుతున్నారు. నాలుగో విడత అయ్యాక.